బస్తీని బాగుచేయడమా, శివార్లలో ఇల్లివ్వడమా?

బస్తీని ఖాళీ చేయించి శివార్లలో ఫ్లాట్లిస్తే పక్కా గోడలు, సొంత మరుగుదొడ్డి వస్తాయి. ఫొటోల్లోనూ బాగుంటుంది. కానీ ఇళ్లలో పనిచేసే మనిషికి, తోపుడు బండి నడిపేవాడికి పని దొరికేది నగరం మధ్యలోనే. కూలి డబ్బులు బస్సు ఛార్జీలకే పోతుంటే కొందరు ఫ్లాటు అద్దెకిచ్చి పాత చోటికే వచ్చేస్తారు. పిల్లల్ని చూసిపెట్టే పక్కింటావిడ, అరువిచ్చే కొట్టు అక్కడే మరి.

రెండో దారి: ఉన్నచోటే నీళ్లు, మురుగుకాల్వలు, దారులు, హక్కుపత్రాలు. జకార్తా 1969లోనే కంపుంగ్‌లను (అక్కడి బస్తీలను) బాగుచేసే పథకంతో మొదలుపెట్టింది. థాయ్‌లాండ్ 2003లో బాన్ మన్‌కాంగ్ పథకంతో బస్తీ సంఘాల చేతికే నిధులిచ్చింది. ఇరుకు మాత్రం పోదు.

నా ఓటు దీనికే. ముంపులోనో, కొండచరియ కిందో ఉన్న బస్తీలను తరలించాల్సిందే, అదీ పనికి నడిచి వెళ్లగలిగే దూరానికి.