1972 ఒరిజినల్ అన్నాడని స్విష్ చేసేశా, మీరు మాత్రం ఆగండి

స్వీడన్‌లో ఉండి పాత సైకడెలిక్ రాక్ రికార్డులు కొనేవాళ్లు ఒక్క రెండు నిమిషాలు ఇది చదవండి. స్విష్‌లో, అంటే ఇక్కడ ఫోన్‌తో డబ్బు పంపే యాప్‌లో, పంపి నాకు 1,900 క్రోనర్లు పోయాయి.

ముందు ఈ పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలి. గోథెన్‌బర్గ్‌కి వచ్చిన కొత్తలో మా ఆఫీసులో ఒకాయన కెబ్నెకైసె బ్యాండ్ రెండో ఆల్బం వినిపించాడు, 1973 నాటిది. డాలర్నా పల్లెల్లో ఫిడేలు మీద వాయించుకునే పాత బాణీలన్నీ ఎలక్ట్రిక్ గిటార్లతో, డ్రమ్స్‌తో మోగుతుంటే మధ్యలోంచి మాట్స్ గ్లెన్‌గోర్డ్ వయొలిన్ లేస్తుంది చూడండీ, ఇంట్లో ద్వారం వారి రికార్డులు వింటూ పెరిగిన నాకు వయొలిన్ అంటే కచేరీలో కింద కూర్చుని కాలి మీద ఆనించి వాయించేదే, ఇదేమిట్రా బాబూ అనుకున్నా. అక్కణ్ణించి వెనక్కి పోయి ఇంటర్నేషనల్ హార్వెస్టర్ అనే బ్యాండ్ 1968 రికార్డు విన్నా. అందులో ఒకే స్వరం తంబురాలా అలా సాగుతూనే ఉంటుంది, వయొలిన్, చెల్లో రెండూ ఉంటాయి. ఆ తర్వాత దొరికింది ఎల్యర్నాస్ త్రేగోర్డ్. అంటే దుప్పుల తోట. ఈ ఊరి బ్యాండే! 1972లో సైలెన్స్ అనే రికార్డు కంపెనీ వేసిన వాళ్ల మొదటి రికార్డు పేరుకి అర్థం చెబితే నవ్వుతారు: భవిష్యత్తు గాల్లో తేలే ఓడ, లంగరు మాత్రం ప్రాచీన కాలంలో. వయొలిన్, ఫ్లూటు, సింథసైజరు, అన్నీ పొగమంచులో వినబడినట్టుంటాయి.

సరే, అసలు సంగతి. ఆన్‌లైన్‌లో ఒకతను ఈ రికార్డునే 'మొదటి ప్రెస్సింగ్, 1972, ఒకే యజమాని' అని పెట్టాడు, అంటే అప్పట్లో మొదటిసారి వేసిన కాపీ అని. ఫోటోలు మూడే, అన్నీ అట్టవే, డిస్కుది ఒక్కటీ లేదు. వెనక అట్ట ఫోటోలో ఒక మూల మీద వాడి బొటనవేలు. ఇంకొకరు అడుగుతున్నారు, ఇవాళే స్విష్ చేస్తే మీకే అన్నాడు. చేసేశా. టెన్షన్‌లో బుర్ర పనిచెయ్యదు కదా.

పార్సిల్ విప్పితే ఆ బొటనవేలున్న చోట ఏముందనుకున్నారు? ఒక ధర స్టిక్కరు. గోటితో గీకితే కింద బార్‌కోడ్! 1972లో రికార్డు అట్టల మీద బార్‌కోడ్ ఎక్కడిదండీ. ఇది ఈ మధ్య మళ్లీ వేసిన రీఇష్యూ, షాపులో కొత్తదే మూడు నాలుగు వందల క్రోనర్లకు వస్తుంది. రీఇష్యూ చెడ్డదని కాదు, వినడానికి బాగానే ఉంది, దాన్ని ఒరిజినల్ అని అంటగట్టడమే మోసం.

వాపసు అడిగితే 'నేను వ్యాపారిని కాను, ప్రైవేటు మనిషిని' అని ఒక్క లైను జవాబు. అక్కడే దెబ్బతిన్నా. ఇక్కడ ఆన్‌లైన్‌లో కొన్నది పద్నాలుగు రోజుల్లో వద్దనే హక్కు కంపెనీల దగ్గర కొన్నప్పుడే, ఇలా మనిషి దగ్గర కొంటే అది వర్తించదు. స్విష్ డబ్బు నేరుగా వాడి అకౌంట్లో పడిపోతుంది, కార్డులా తర్వాత బ్యాంకుకి చెప్పి వెనక్కి లాగడం కుదరదు.

కాబట్టి డబ్బు పంపే ముందు డిస్కు ఫోటో అడగండి, ముఖ్యంగా పాట అయిపోయాక సూది తిరిగే ఖాళీ జాగా, అక్కడ చెక్కిన నంబర్లు వెలుతుర్లో స్పష్టంగా కనబడాలి. సైలెన్స్ పాత రికార్డులకి ఎస్ఆర్ఎస్ అని మొదలయ్యే నంబరుంటుంది, ఈ రికార్డుకైతే 4611. అట్ట మీద నంబరుంటే చాలదు, రీఇష్యూ వేసేవాళ్లు అట్టని ఉన్నదున్నట్టు దించేస్తారు. అదే ఊరివాడైతే వెళ్లి చేత్తో పట్టుకుని చూడండి. నాదీ వాడిదీ ఒకే ఊరు, ట్రామ్‌లో ఇరవై నిమిషాలు, వర్షం పడుతోందని బద్ధకించా.

నిన్న చూస్తే కెబ్నెకైసె రెండోది అమ్మకానికి పెట్టాడు. వెనక అట్ట మీద మళ్లీ అదే మూల, అదే బొటనవేలు.