ఫైళ్ల కుదింపు: విండోస్‌తో వచ్చిన జిప్, విడిగా ఎక్కించుకున్న సెవెన్‌జిప్, విన్‌రార్

నేను విజయవాడలో డీటీపీ పని చేస్తాను. తెలుగు పుస్తకాల పేజీలు కట్టి, ప్రూఫులు దిద్దించి, ప్రెస్సుకు పంపే ఈ పనిలో రోజుకు పది పదిహేనుసార్లయినా ఫైళ్లను జిప్ చేయడమో (అంటే కుదించి ఒకే ఫైలుగా కట్టడమో), వచ్చిన జిప్‌ను విప్పుకోవడమో తప్పదు. విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్‌తో మొదలుపెట్టి, 7, 10 దాటి ఇప్పుడు 11 మీద పనిచేస్తున్నాను. ఈ కాలమంతా విండోస్‌లోనే ఉన్న జిప్ సదుపాయాన్నీ, విడిగా ఎక్కించుకున్న సెవెన్‌జిప్‌నూ, విన్‌రార్‌నూ పక్కపక్కనే వాడుతూ వచ్చాను. ఏది ఎక్కువ కుదిస్తుందని అందరూ మొదట అడుగుతారు. నా పనిలో ఆ ప్రశ్నది మూడో స్థానం. తెలుగులో పెట్టిన ఫైలు పేరు చెక్కుచెదరకుండా అవతలికి చేరుతుందా అన్నది మొదటిది. అవతల దాన్ని తెరిచే మనిషి కంప్యూటర్‌లో ఏముందన్నది రెండోది.

పేర్ల సంగతి కాస్త వివరంగానే చెప్పాలి. జిప్ రూపాన్ని ఫిల్ కాట్జ్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ 1989లో తెచ్చినప్పుడు అందులో ఫైళ్ల పేర్లు ఐబీఎం పీసీ నాటి అక్షరాల పట్టికకు లోబడి ఉండేవి. పేర్లను యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలకూ చోటున్న యూనికోడ్‌ను రాసే పద్ధతిలో) రాసి, అలా రాశామని ఒక గుర్తు పెట్టే పద్ధతి జిప్ ప్రమాణంలోకి 2006లో వచ్చింది. విండోస్‌లోని జిప్ మాత్రం 7 వరకు పాత పద్ధతినే పట్టుకుని ఉండేది. రష్యన్‌కో, గ్రీకుకో ఉన్నట్లు సిస్టమ్ మొత్తానికి పెట్టుకోగల సొంత కోడ్‌పేజీ (అంటే ఆ పాత తరహా అక్షరాల పట్టిక) తెలుగుకు విండోస్‌లో లేదు, దిక్కల్లా యూనికోడే. అందువల్ల 'మూడో అధ్యాయం' అని పేరున్న ఫైలును జిప్‌లోకి పంపబోతే, ఇందులో వాడకూడని అక్షరాలున్నాయని సందేశం చూపి నిరాకరించేది. మా వంటివాళ్లం ఫైళ్ల పేర్లన్నిటినీ ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చుకుంటూ కూర్చునేవాళ్లం. సెవెన్‌జిప్‌ను నేను మొదట ఎక్కించుకున్నది కుదింపు కోసం కాదు, ఈ బాధ తప్పించుకోవడానికే. కోడ్‌పేజీలో ఇమడని పేరు కనబడితే అది తనంతట తానే యూటీఎఫ్-8లో రాస్తుంది.

అయితే పంపేవాడి దగ్గర సరైన ప్రోగ్రాం ఉంటే సగం పనే అయినట్లు. నేను సెవెన్‌జిప్‌తో చక్కగా కట్టి పంపిన పుస్తకాన్ని ఒక ప్రెస్సులో పాత కంప్యూటర్ మీద తెరిచారు. అరగంటలో ఫోన్ వచ్చింది: "ఏమండీ, పేర్లన్నీ పిచ్చిగీతల్లా వచ్చాయి, ఏది ముందుమాటో ఏది మూడో అధ్యాయమో మీరే చెప్పాలి." ఆ రోజు ఒక్కో ఫైలునూ సైజును బట్టి గుర్తుపట్టి ఫోన్‌లో చెప్పవలసి వచ్చింది. విండోస్ 8 నుంచి ఈ చిక్కు తీరింది. ఇవాళ విండోస్ 10, 11 ఉన్నవారికి తెలుగు పేర్లతో జిప్ పంపడానికి వేరే సాఫ్ట్‌వేర్ అవసరమే లేదు.

తీరనిది పేరు పొడవు. విండోస్‌లో ఫోల్డర్లతో సహా మొత్తం దారి, అంటే ఫైలు పూర్తి చిరునామా, మామూలుగా 260 సంకేతాలకు మించకూడదు. 'శ్రీ' మన కంటికి ఒక్క అక్షరం. యంత్రానికి శ, పొల్లు, ర, గుడి దీర్ఘం కలిపి నాలుగు. పుస్తకం పూర్తి పేరుతో ఫోల్డర్, అందులో అధ్యాయం పేరుతో మరో ఫోల్డర్, లోపల 'చివరి ప్రూఫు సవరించినది' అని ఫైలు ఉంటే, ఇంగ్లీషు పేర్లకు ఎప్పుడూ తగలని గోడ మనకు ఇట్టే తగులుతుంది. పైగా విండోస్‌లో 'ఎక్స్‌ట్రాక్ట్ ఆల్' నొక్కితే జిప్ పేరుతో ఒక ఫోల్డర్ పుట్టి, దానిలో మళ్లీ అదే పేరుతో అసలు ఫోల్డర్ వస్తుంది. దారి అక్కడికక్కడే ఇంకా సాగుతుంది. సెవెన్‌జిప్‌లో విప్పే పెట్టెలో ఈ రెండో ఫోల్డర్‌ను తీసేసే ఎంపిక ఉంది, పొడవైన దారులనూ అది భరిస్తుంది. నా మట్టుకు ఈ ఒక్క ఎంపిక చాలు, దాన్ని కంప్యూటర్‌లో ఉంచుకోవడానికి.

ఇక కుదింపు. ఇక్కడ నా అనుభవం చాలామందిని నిరాశపరచవచ్చు. నేను పంపేవాటిలో ఎక్కువ భాగం పీడీఎఫ్‌లు, జేపెగ్ బొమ్మలు, వర్డ్ ఫైళ్లు. ఇవి ముందే కుదించుకుని ఉన్న సరుకు. వర్డ్ డాక్స్ ఫైలైతే లోపల అచ్చంగా జిప్పే. వీటిని ఏ ప్రోగ్రాంకు అప్పజెప్పినా తగ్గేది నామమాత్రమే. జీమెయిల్‌లో జోడింపులకు 25 ఎంబీ పరిమితి ఉంది కదా అని 40 ఎంబీ పీడీఎఫ్‌ను సెవెన్‌జిప్‌లో అత్యధిక కుదింపు స్థాయి 'అల్ట్రా'లో నలిపినా అది 25కు దిగదు. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింకు పంపడమే మార్గం. తేడా కనిపించేది కుదించని టిఫ్ స్కాన్ల దగ్గర, ముఖ్యంగా యూనికోడ్ తెలుగు పాఠం దగ్గర. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ప్రతిదీ మూడు బైట్లు తీసుకుంటుంది. అందులో మొదటి బైటు అన్నిటికీ ఒకటే, రెండోది రెండే విలువల్లో ఏదో ఒకటి. ఇంత పునరుక్తి ఉన్న పాఠం కుదింపు ప్రోగ్రాంలకు పండగ. నా దగ్గరి నవలల పాఠం విండోస్ జిప్‌లోనే ఐదో వంతు దరిదాపులకు దిగుతుంది. సెవెన్‌జిప్ సొంత రూపమైన సెవెన్‌జడ్‌లో, ఒకే రచయిత పుస్తకాలన్నీ కలిపి కడితే, ఇంకా తగ్గుతుంది. యూనికోడ్ కాని అనూ ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్లలో ఇంత పునరుక్తి ఉండదు కనుక అవి అంతగా తగ్గవు.

ఆ అదనపు కుదింపుకు ధర ఉంది. సెవెన్‌జిప్ చాలా ఫైళ్లను ఒకే దిమ్మెగా భావించి కుదిస్తుంది కనుక, మధ్యలోని ఒక్క అధ్యాయం కావాలన్నా ఆ దిమ్మెను మొదటి నుంచి విప్పుకుంటూ రావాలి. అంతకన్నా ముఖ్యం, దిమ్మెలో ఒకచోట పాడైతే ఆ తరువాతి ఫైళ్లకూ ఎసరు వస్తుంది. విన్‌రార్‌ను నేను వదలకపోవడానికి కారణం ఇదే. ఆర్కైవ్‌తో, అంటే కుదించి కట్టిన మూటతో, పాటు 'రికవరీ రికార్డ్' అనే అదనపు సమాచారాన్ని చేర్చే ఎంపిక అందులో ఉంది; ఐదు శాతం పెడితే ఫైలు సైజు ఆ మేరకు పెరుగుతుంది, కానీ కొంతవరకు దెబ్బతిన్నా తిరిగి అతికించుకోవచ్చు. డీవీడీల్లో దాచిన పాత పుస్తకాల్లో రెండింటిని ఇలాగే బతికించుకున్నాను. సెవెన్‌జడ్‌లో ఈ ఏర్పాటు లేదు. నలభై రోజుల ఉచిత గడువు దాటాక కూడా విన్‌రార్ పనిచేస్తూనే ఉంటుందని, కొనమని గుర్తుచేసే పెట్టెను మూసుకుంటూ పోవచ్చని అందరికీ తెలుసు. నేనూ కొన్నేళ్లు మూశాను. డీవీడీ బతికిన రోజున సిగ్గుపడి లైసెన్సు కొన్నాను.

పాస్‌వర్డ్ విషయంలో విండోస్ సదుపాయం చేతులెత్తేస్తుంది: పాస్‌వర్డ్‌తో జిప్‌ను తయారుచేయడం దానికి రాదు. అచ్చుకాని రాతప్రతులను దాచిపెట్టవలసిన నాలాంటివారికి సెవెన్‌జిప్ తప్పనిసరి. అందులోనూ ఒక మెలిక ఉంది. జిప్ రూపంలో రెండు రకాల తాళాలున్నాయి. పాతదైన జిప్‌క్రిప్టో బలహీనమైనది, దాన్ని ఛేదించే పద్ధతులు ఎప్పుడో బయటపడ్డాయి; ఏఈఎస్-256 గట్టిది, కానీ దానితో వేసిన జిప్‌ను విండోస్ తనంతట తాను విప్పలేకపోతుంది. అవతలివారు 'పాస్‌వర్డ్ సరిగానే కొట్టాం, రావడం లేదు' అంటే చాలాసార్లు కారణం ఇదే. అందుచేత రాతప్రతిని సెవెన్‌జడ్‌గా కట్టి, ఫైళ్ల పేర్లను కూడా దాచే గడిలో టిక్కు పెట్టి, సెవెన్‌జిప్ ఎక్కించుకోమని ముందే చెప్పి పంపుతాను. పాస్‌వర్డ్‌ను అదే మెయిల్‌లో రాయను, ఫోన్‌లో చెబుతాను.

ఒక నష్టం పూర్తిగా నా స్వయంకృతం. హడావుడిలో జిప్‌ను విప్పకుండానే దానిలోని ఫైలును డబుల్‌క్లిక్ చేసి తెరిచి, రెండు గంటలు ప్రూఫు దిద్ది, సేవ్ కొట్టి మూసేశాను. నేను దిద్దింది తాత్కాలిక ప్రతిని. జిప్‌లోని అసలు ఫైలు చెక్కుచెదరలేదు, తాత్కాలిక ప్రతి తరువాత దొరకలేదు. సెవెన్‌జిప్ కిటికీలోంచి తెరిస్తే, మూసే సమయంలో ఫైలు మారిందనీ ఆర్కైవ్‌లో మార్చమంటారా అనీ అడుగుతుంది. ఇప్పుడు రెండింటినీ నమ్మను. విప్పిన తరువాతే ముట్టుకుంటాను.

విండోస్ 11 వచ్చాక లెక్క కొంత మారింది. 2023 చివరి నుంచి అది విన్‌రార్ రూపమైన రార్‌నూ, సెవెన్‌జడ్‌నూ సొంతంగా తెరుస్తోంది. 2024లో వచ్చిన 24హెచ్2 అనే అప్‌డేట్‌తో సెవెన్‌జడ్‌నూ, టార్ అనే మరో రూపాన్నీ తయారుచేయడమూ వచ్చింది. రార్‌ను మాత్రం విప్పగలదే కానీ కట్టలేదు, ఎందుకంటే ఆ కుదింపు పద్ధతి విన్‌రార్ వారి సొంతం. ఎవరైనా పంపిన రార్‌ను ఒక్కసారి విప్పడానికే అయితే కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదని ఇప్పుడు ధైర్యంగా చెబుతున్నాను. వేలకొద్దీ చిన్న ఫైళ్లున్న ఫాంట్ల మూటను విప్పేటప్పుడు మాత్రం నా యంత్రం మీద సెవెన్‌జిప్ ముగించేసరికి విండోస్ ఇంకా సగంలోనే ఉంటుంది.

బయటి ప్రోగ్రాం ఎక్కించుకున్నవారు దాని యోగక్షేమాలూ చూసుకోవాలి. ఏస్ అనే పాత రూపాన్ని విప్పే భాగంలో దాదాపు 19 ఏళ్లుగా దాగి ఉన్న లోపం 2019లో బయటపడితే, విన్‌రార్ ఆ రూపానికి మద్దతునే తీసేసింది. 2023లో మరో లోపాన్ని 6.23తో సరిచేశారు. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైలని విండోస్ హెచ్చరించడానికి వాడే గుర్తు విప్పినవాటికి అందకుండా పోయే లోపాన్ని సెవెన్‌జిప్ 24.09లో సవరించారు. విండోస్‌లోని సదుపాయానికి సవరణలు విండోస్ అప్‌డేట్‌తోనే వచ్చేస్తాయి; సెవెన్‌జిప్ తనను తాను నవీకరించుకోదు. మా షాపులో మూడు కంప్యూటర్లున్నాయి. నెల మొదటి సోమవారం ప్రతి దానిలోనూ హెల్ప్ మెనూ తెరిచి, వెర్షన్ నంబరు చూసి, పాతదైతే సెవెన్‌జిప్ సొంత సైటు నుంచి దింపి ఎక్కిస్తాను. మూడింటికీ కలిపి పది నిమిషాల పని.