బత్తాయికి బెంటోనైట్ గంధకం: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ దండగ

నల్లగొండ సున్నపు నేలల్లో బత్తాయి లేతాకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది చాలావరకు ఇనుము లోపమే. సున్నం ఎక్కువైతే మట్టిలోని ఇనుము వేర్లకు అందదు. 90 శాతం బెంటోనైట్ గంధకం గుళికలు (బెంటోనైట్ అనే బంకమట్టితో కలిపి చేసిన గంధకం) దీనికి మంచి సరుకే; మట్టిలో గంధకం ఆమ్లంగా మారి సున్నాన్ని విరుస్తుంది. కానీ తోటంతా చల్లితే డబ్బులు దండగ. పై 15 సెంటీమీటర్ల మట్టిలో ఒక్క శాతం సున్నం ఉన్నా, దాన్ని విరిచేయడానికి ఎకరాకు రెండున్నర టన్నులకు పైగా గంధకం కావాలి! అందుకే చెట్టుకు 200 గ్రాములు, డ్రిప్పర్ కింద తడి ఉండే చోటే వేసి మట్టి కప్పాలి.

కొనే ముందు గుళికను గ్లాసు నీళ్లలో వేయండి. ఉబ్బి, విరిగి పొడి కావాలి. రాయిలా ఉండిపోతే ఆ బస్తా వద్దు. గంధకాన్ని ఆమ్లంగా మార్చేది మట్టిలోని సూక్ష్మజీవులు. ఎండిన పాదులో అది నెలల తరబడి అట్లనే పడి ఉంటుంది.

తొందర ఉంటే అమ్మోనియం సల్ఫేట్ ఎరువు మేలు. పైపైన చల్లితే మాత్రం అందులోని నత్రజని గాలిలో కలిసిపోతుంది. జిప్సం చౌడుకు మందు, ఈ ఇనుము లోపానికి కాదు. ఈలోగా ఆకుల మీద లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి పిచికారీ చేయండి.