స్పెన్విస్: మనుషులుండే వ్యోమనౌకల రేడియేషన్ లెక్కలకు ఎంతవరకు నమ్మవచ్చు?

ఐరోపా అంతరిక్ష సంస్థ కోసం బెల్జియం శాస్త్రవేత్తలు రూపొందించిన, అంతరిక్ష రేడియేషన్‌ను లెక్కించే స్పెన్విస్ సాఫ్ట్‌వేర్‌ను నేను కొన్నేళ్లుగా వాడుతున్నాను. పేరు నమోదు చేసుకుంటే బ్రౌజర్‌లోనే ఉచితంగా పనిచేస్తుంది. మనుషులు నెలల తరబడి ఉండే నౌకకు ఎంత కవచం కావాలో తొలి అంచనా వేయడానికి ఇంతకన్నా మంచి సాధనం నాకు కనిపించలేదు. తుది నిర్ణయానికి మాత్రం ఇదొక్కటే చాలదు.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రపు కక్ష్యను, అంటే సుమారు 400 కిలోమీటర్ల ఎత్తును, 51.6 డిగ్రీల వాలును ఇచ్చి ప్రోటాన్ల పటం గీయిస్తే, భూగోళమంతా దాదాపు ఖాళీగా ఉండి, దక్షిణ అట్లాంటిక్ ప్రాంతంలో ఒక్క మచ్చ మాత్రం చిక్కగా కనిపిస్తుంది. అక్కడ భూమి అయస్కాంత క్షేత్రం బలహీనంగా ఉన్నందువల్ల, ఆ క్షేత్రంలో చిక్కుకున్న కణాలతో భూమి చుట్టూ ఉండే వాన్ అలెన్ వలయం కిందికి దిగివస్తుంది. అయితే ఈ పటానికి ఆధారమైన, ప్రోటాన్ల సంఖ్యను అంచనా వేసే ఏపీ-8 నమూనా 1976 నాటిది, ఆ మచ్చ ఏటా సుమారు 0.3 డిగ్రీలు పడమరకు జరుగుతూనే ఉంది. కొత్త క్షేత్రపు విలువలు ఇచ్చి దీన్ని సరిదిద్దబోతే తక్కువ ఎత్తుల్లో ప్రోటాన్ల సంఖ్య ఉన్నదానికన్నా ఎక్కువగా తేలుతుంది కాబట్టి, నమూనా తయారీలో వాడిన పాత క్షేత్రాన్నే ఉంచాలి. దీర్ఘకాలిక సగటుకు ఇది సరిపోతుంది. ఫలానా నిమిషంలో వ్యోమగామి బయటికి వెళ్లవచ్చా అని మాత్రం దీన్ని అడగకూడదు.

నాకు అన్నిటికన్నా ఉపయోగపడినది కవచపు మందాన్ని బట్టి లోపలికి చేరే రేడియేషన్ మోతాదును చూపే గీత. అల్యూమినియం మొదటి కొన్ని మిల్లీమీటర్లలోనే ఎలక్ట్రాన్ల వాటా నిటారుగా పడిపోతుంది. ఆ తర్వాత ప్రోటాన్లదే పైచేయి కావడంతో గీత దాదాపు చదునుగా సాగుతుంది, ఎంత బరువు పెంచినా దక్కే లాభం తక్కువ. అయితే ఈ గీతను గీసే షీల్డోస్-2 అనే ప్రోగ్రాం గెలాక్టిక్ విశ్వకిరణాలను, అంటే సౌరకుటుంబం బయటి నుంచి వచ్చే అధిక శక్తి కణాలను, లెక్కలోకి తీసుకోదు. అంగారకుడి వైపు వెళ్లే నౌకకు అసలు చిక్కు వాటితోనే. అంగారకుడిపైకి పంపిన క్యూరియాసిటీ రోవర్ 2011–12 ప్రయాణంలో కొలిచిన మోతాదు రోజుకు సుమారు 1.8 మిల్లీసీవర్టులు (శరీరానికి కలిగే హానిని బట్టి మోతాదును చెప్పే కొలమానం సీవర్టు), అందులో అత్యధిక భాగం ఈ కిరణాలదే. అందుకే అలాంటి యాత్రలకు నేను స్పెన్విస్‌లోనే ఉన్న, పొరలు పొరలుగా ఉండే కవచాలను లెక్కించే ములాసిస్ విభాగాన్ని వాడి, సమాన బరువుగల అల్యూమినియం, పాలిథిలిన్ పొరలను పోల్చి చూస్తాను. హైడ్రోజన్ ఎక్కువగా ఉన్న పాలిథిలిన్ ఎందుకు మేలో అక్కడ అంకెల్లోనే తెలుస్తుంది.

కొత్తగా వాడేవారు ఒక్క విషయం గమనించాలి. లక్ష్య పదార్థం, అంటే కవచం వెనుక రేడియేషన్‌ను అందుకునే పదార్థం, సిలికాన్‌గా ఉంటే వచ్చే అంకె పరికరాలకే వర్తిస్తుంది. మనుషుల కోసమైతే కణజాలాన్ని ఎంచుకోవాలి, అప్పటికీ తేలేది శోషిత మోతాదే (పదార్థం పీల్చుకున్న శక్తి మాత్రమే) గనుక దాన్ని సీవర్టులుగా చదవకూడదు.