హిల్మన్ ఇంప్‌తో తొమ్మిదేళ్ళు: కళ్ళు ఇంకా టెంపరేచర్ ముల్లు మీదే

మేముండేది స్కాట్లండ్‌లోని పెయిస్లీలో. 1963లో హిల్మన్ ఇంప్ అనే ఈ చిన్న బ్రిటిష్ కారు పుట్టిన లిన్‌వుడ్ మాకు పక్క ఊరే. ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది. ఆ ఊరి బండి అన్న మమకారంతోనే కొన్నాను. నడపడం మహా సరదా. 875 సీసీ అల్యూమినియం ఇంజిన్ వెనకాల 45 డిగ్రీలు వాలి పడుకుని ఉంటుంది, గేర్లు వెన్నలా పడతాయి. గొడవంతా వేడితోనే.

రేడియేటర్ కూడా వెనకే, ఇంజిన్ పక్కన. ఎదురుగాలి తగలదు, ఫ్యానే దిక్కు. ఫ్యాన్‌నీ వాటర్ పంపునీ తిప్పేది ఒకటే బెల్టు. అది వదులైందా, రెండూ కలిసే మొరాయిస్తాయి.

మొదటి ఏడాది జులైలో బెజవాడ నుంచి అమ్మ వచ్చింది. రెస్ట్ అండ్ బి థాంక్‌ఫుల్ కనుమ ఎక్కుతుంటే ముల్లు ఎర్రగీత వైపు పాకింది. హీటర్ పూర్తిగా తిప్పి, అద్దాలు దించాను. హీటర్ కూడా చిన్న రేడియేటరే కదా! "ఎండ తప్పించుకుందామని వస్తే ఇక్కడా ఇదేనా?" అంది అమ్మ. పైన ఆపి వెనక మూత ఎత్తితే బెల్లంపాకం మాడినట్టు తియ్యటి వాసన. చల్లారిందిలే అని అలాగే ఇంటికి తోలుకొచ్చాను. నా తెలివితక్కువే. హెడ్ (ఇంజిన్ పైభాగాన్ని మూసే లోహపు దిమ్మ) వంగింది, దాని కింద నీళ్ళూ ఆయిలూ కలవకుండా ఆపే పలుచటి గ్యాస్కెట్ పోయింది.

హెడ్ చదును చేయించి కొత్త గ్యాస్కెట్ వేయించినా రెండు నెలలకే మళ్ళీ అదే కథ. చివరికి రేడియేటర్ నేనే విప్పాను. రెక్కల మధ్య ఎండుటాకులు, దుమ్ము, ఆయిల్ జిడ్డు కలిసి గోనెపట్టాలా అట్టకట్టాయి. పైపుతో వెనకనుంచి నీళ్ళు కొడితే చాలాసేపు టీ డికాషన్ లాంటి మురికి కారింది. ఇంకో దొంగ, గొట్టాల్లో చిక్కిన గాలి. హీటర్ గొట్టాలు వెనకనుంచి ముందుదాకా వెళ్తాయి, వాటిలో బుడగ చిక్కితే నీళ్ళు తిరగవు. హీటర్ తెరిచిపెట్టి, ఇంజిన్ నడుస్తుండగా నెమ్మదిగా పోస్తే బుడబుడమంటూ బయటికొచ్చింది.

ఆ తర్వాత హెడ్ జోలికి వెళ్ళలేదు. ఏటా రేడియేటర్ కడుగుతాను. ఉత్త నీళ్ళు పోయను, అల్యూమినియాన్ని తినేస్తాయి. ఏడాది పొడుగునా యాంటీఫ్రీజ్ (గడ్డకట్టకుండా, తుప్పు పట్టకుండా కాపాడే ద్రవం) కలిపిన నీళ్ళే. వాటర్ పంపు మాత్రం ఒకసారి కారి మార్చాల్సొచ్చింది. కొందరు రేడియేటర్‌ని ముందుకి మారుస్తారు. నాకైతే ఆ అవసరం పడలేదు.

కొనేవాళ్ళు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్ళండి. ముందే వేడిచేసి ఉంచితే అనుమానించండి. ఆయిల్ మూత విప్పి చూడండి. లోపల మీగడలాంటి నురుగు కనిపిస్తే గ్యాస్కెట్, హెడ్ ఖర్చు కూడా లెక్కేసుకునే బేరమాడండి.