గాడ్ ఆఫ్ వార్, డేర్‌డెవిల్: ఏళ్ల తరబడి ఆడి, చూసి చెబుతున్న మాట

మా తమ్ముడికీ నాకూ ఈ వాదన 2019 సంక్రాంతి సెలవుల్లో మొదలైంది. ఆ పండక్కి నేను సెకండ్ హ్యాండ్‌లో ఒక ప్లేస్టేషన్ 4 కొన్నాను. దానితోపాటు గాడ్ ఆఫ్ వార్ డిస్కు వచ్చింది. తమ్ముడు అప్పటికే డేర్‌డెవిల్ మూడు సీజన్లూ చూసేసి, కనిపించిన వారికల్లా దాని గొప్పతనం చెబుతున్నాడు. నేను ఆట మొదలుపెట్టిన పది నిమిషాలకే, "కథ కావాలంటే సీరియల్ చూడాలి అన్నయ్యా, ఆట ఉన్నది కొట్టడానికి" అన్నాడు. అప్పటి నుంచి ఆ ఆటను నాలుగుసార్లు పూర్తి చేశాను. దాని తరువాయి భాగం రాగ్నరాక్‌ను రెండుసార్లు ఆడాను. తమ్ముడి పట్టుదల వల్ల డేర్‌డెవిల్‌ను మొదటి నుంచి చివరి దాకా మూడుసార్లు చూశాను. ఇక్కడ మలుపులన్నీ విప్పే చెబుతున్నాను కనుక, ఇంకా ఆడనివారు, చూడనివారు ఆ పని ముగించుకుని వచ్చి చదవడం మేలు.

ఇన్నేళ్లకు నాకు స్థిరపడిన అభిప్రాయం ఇది. ఆటలో కథ పండిందో లేదో కంట్రోలర్ పట్టుకున్న చేతులకే తెలుస్తుంది. "సినిమా చూసినట్టుంది" అని ఆటను మెచ్చుకునేవారంటే నాకు గౌరవమే కానీ, ఆ మెప్పు దానికి దక్కాల్సింది కాదని నా నమ్మకం.

2018 ఏప్రిల్‌లో గాడ్ ఆఫ్ వార్ వచ్చినప్పుడు అందరూ దాని కెమెరా గురించే మాట్లాడారు. దర్శకుడు కోరీ బార్లాగ్ ఆట మొత్తాన్ని ఒక్క కత్తిరింపు కూడా కనిపించకుండా నడిపించాడు. మొదటిసారి ఆడినప్పుడు నేనూ అబ్బురపడ్డాను. నాలుగోసారి ఆడేటప్పుడు మాత్రం ఆ సంగతే గుర్తుకు రాలేదు. గుర్తుండిపోయింది ఒక బటన్. కంట్రోలర్ మీద చతురస్రం గుర్తున్న బటన్.

కథ తెలియనివారికి నాలుగు మాటలు. గ్రీకు దేవతలను చంపి యూరప్ ఉత్తరాదికి, నార్స్ దేవతల సీమకు వచ్చి స్థిరపడ్డ క్రేటోస్‌కు అక్కడ భార్య, కొడుకు. ఆట మొదలయ్యేసరికి భార్య చనిపోయి ఉంటుంది. ఆమె చితాభస్మాన్ని తొమ్మిది లోకాల్లోకెల్లా ఎత్తైన శిఖరం మీద చల్లాలన్నది ఆమె ఆఖరి కోరిక. తండ్రీకొడుకులు ఆ సంచితో బయలుదేరతారు. తండ్రికి కొడుకును పేరుపెట్టి పిలవడం కూడా సరిగా చేతకాదు, ఎప్పుడూ "అబ్బాయ్" అనే పిలుపే. మొదట్లో ఒక జింక వేట ఉంటుంది. పిల్లవాడు ఏట్రియస్ బాణం వేస్తాడు, చివరికి కత్తి దింపడానికి చేయి రాదు. తండ్రి ఆ చేతిమీద తన చేయి వేసి దింపిస్తాడు. ఆ తరువాత ఓదార్పుగా వీపు మీద చేయి వేయబోయి, వేయకుండానే వెనక్కి తీసుకుంటాడు. ఇది చూడవలసిన దృశ్యం, సీరియల్ అయినా తీయగలిగేదే.

సీరియల్ తీయలేనిది ఆ తరువాత వస్తుంది. చతురస్రం నొక్కితే పిల్లవాడు బాణం వేస్తాడు. మొదట్లో ఆ బాణం దోమ కుట్టినట్టు ఉంటుంది. పది గంటలు గడిచేసరికి ఆ బాణం లేకుండా పోరాటం ఊహించలేం. గొడ్డలి విసురుతాం, అది వెనక్కి వచ్చేలోపు బాణం వేయిస్తాం, ఈ లయ బొటనవేలికి అలవాటైపోతుంది. సరిగ్గా అప్పుడే పిల్లవాడు జబ్బుపడి కుప్పకూలతాడు. మందు కోసం క్రేటోస్ పిల్లవాడు లేకుండా చచ్చినవారి లోకం హెల్‌హైమ్‌కు వెళ్లాలి. ఆ మంచు లోకంలో శత్రువులు చుట్టుముట్టినప్పుడు నా బొటనవేలు తనంతట తాను చతురస్రం మీదకు వెళ్లింది. ఏమీ జరగలేదు. మళ్లీ నొక్కాను. బాణం రాలేదు. పిల్లవాడు పక్కన లేడన్న సంగతి నాకు ఒంటికి తగిలింది ఆ క్షణంలోనే. ఏ సంభాషణా అవసరం రాలేదు.

కోలుకున్నాక, తాను దేవుడినని తెలిశాక పిల్లవాడికి పొగరెక్కుతుంది. మాటకు మాట ఎదురు చెబుతాడు. తండ్రి వద్దంటున్నా దెబ్బతిని పడి ఉన్న మోదీని కత్తితో పొడిచి లోయలోకి తన్నేస్తాడు. (మోదీ అంటే ఇక్కడ ఉరుముల దేవుడు థోర్ కొడుకు.) ఇంకొంతసేపటికి ప్రధాన శత్రువు బాల్డర్ ఎదురుపడినప్పుడు ఆపబోయిన తండ్రి మీదకే బాణం వదులుతాడు. అన్ని గంటలుగా నా బొటనవేలి మాట విన్న బాణం అది. అది నా మీద పడ్డప్పుడు కలిగిన బాధ చూసి తెలుసుకునేది కాదు. తమ్ముడు ఆ రోజు పక్కనే ఉండి, "బాగుంది, తరువాత?" అన్నాడు. అతను చూస్తున్నాడు, నేను ఆడుతున్నాను. మా వాదన సారమంతా ఆ ఒక్క మాటలో ఉంది.

చేతులకు జ్ఞాపకం ఉంటుందన్న సంగతి నాకు ఇంకో చోట కూడా తెలిసింది. మొదటి గాడ్ ఆఫ్ వార్ 2005 నాటిది. మా ఊళ్లో గంటకు ఇంతని కట్టి ఆడుకునే ప్లేస్టేషన్ 2 పార్లర్ ఒకటి ఉండేది. బడి వదిలాక నలుగురం డబ్బులు పోగేసుకుని వెళ్లేవాళ్లం. తెర మీద పాత్రలు మాట్లాడుతుంటే గంట కరిగిపోతోందని గోల చేసేవాళ్లం. గొలుసుకత్తులు ఝళిపించడం, అడ్డొచ్చిన వారిని నరకడం, అంతే మాకు కావలసింది. క్రేటోస్ ఒళ్లు ఎందుకు పాలిపోయి ఉంటుందో కూడా అప్పుడు పట్టించుకోలేదు. తన చేతులతోనే భార్యనూ కూతురినీ చంపుకున్నాడు, వాళ్ల బూడిద ఒంటికి అంటుకుని ఇక వదలలేదు.

2018 ఆటలో హెల్‌హైమ్‌కు బయలుదేరే ముందు అతను ఇంటికి వచ్చి, నేల కింద దాచిన ఆ పాత గొలుసుకత్తులను బయటికి తీస్తాడు. మంచు గొడ్డలి అక్కడి చచ్చినవారి మీద పనిచేయదు, నిప్పు కావాలి. చేతి కట్లు విప్పుతుంటే గొలుసుల మచ్చలు కనిపిస్తాయి. అతను సిగ్గుపడుతున్న ఆ గతాన్ని చేసింది ఎవరు? పార్లర్‌లో కూర్చుని కేరింతలు కొడుతూ నేనే చేశాను. పదమూడేళ్ల తరువాత ఆ కత్తులు మళ్లీ చేతికి వచ్చినప్పుడు సంబరమూ సంకోచమూ ఒకేసారి కలిగాయి. కథానాయకుడి పాపంలో వినేవాడికి వాటా పెట్టగల కథారూపం నాకు ఇంకొకటి తెలియదు.

పడవ కథల గురించి కూడా చెప్పాలి. సరస్సు మీద పడవలో వెళుతుంటే, క్రేటోస్ నడుముకు వేలాడే, మిమిర్ అనే జ్ఞాని తెగిన తల పాత కథలు చెబుతుంది. గట్టు రాగానే ఆపేస్తుంది. మళ్లీ పడవ ఎక్కితే ఆపిన చోటి నుంచి ఎత్తుకుంటుంది. మా అమ్మమ్మ డాబా మీద కథ చెబుతూ కిందికి వెళ్లి, తిరిగొచ్చి "ఎక్కడిదాకా వచ్చాం?" అని అడిగేది. అచ్చం అదే పద్ధతి. కథ కోసం గట్టు దిగకుండా సరస్సులో ఊరికే తిరిగిన సాయంత్రాలు నాకు ఎన్నో ఉన్నాయి.

లోపాలు లేవని కాదు. పెద్ద శత్రువులంటే సగం ట్రోల్‌లే. రంగు మారుతుంది, చేతిలో స్తంభం మాత్రం అదే. మొదట్లో అక్షరాలు మరీ చిన్నవిగా ఉండేవి, తరువాత అప్‌డేట్‌లో పెంచారు. కవచాల అంకెల లెక్కలు కథకు ఏమీ చేయవు, నాలుగుసార్లు ఆడినా నాకు వాటి మీద మనసు పోలేదు.

ఇక డేర్‌డెవిల్. 2015 ఏప్రిల్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో మొదలైంది. న్యూయార్క్‌లోని హెల్స్ కిచెన్‌లో పగలు వకీలు, రాత్రి ముసుగు మనిషి అయిన మాట్ మర్డాక్ కథ. చూపు లేదు, వినికిడి మాత్రం అపారం. తమ్ముడు నన్ను ముందు కూర్చోబెట్టి చూపించింది రెండో ఎపిసోడ్ చివర్లోని నడవా పోరాటం. ఎత్తుకుపోయిన పిల్లవాడు ఒకడు ఆ చివరి గదిలో ఉంటాడు. మాట్ అప్పటికే గాయాలతో ఉన్నాడు. కెమెరా నడవాలోనే ఉంటుంది, మనుషులు పక్క గదుల్లోకి పడిపోతారు, చప్పుళ్లు మాత్రం వినిపిస్తాయి. ఒక గదిలోంచి మైక్రోవేవ్ ఓవెన్ ఎగిరొచ్చి ఒకడికి తగులుతుంది. మూడోసారి చూసినప్పుడు నేను దెబ్బలు చూడలేదు, మధ్యలోని విరామాలు చూశాను. మాట్ గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకుంటాడు. పడ్డవాళ్లు లేస్తారు, వాళ్లకూ ఓపిక లేదు, అయినా లేస్తారు. సూపర్ హీరో అలసిపోవడం అంతకుముందు నేను ఇంత దగ్గరగా చూడలేదు. అలసట కనిపించింది గనుకే, చివర్లో ఆ పిల్లవాడిని ఎత్తుకుని వచ్చే నడక నమ్మాలనిపించింది.

ఇక్కడ తమ్ముడికి సగం గెలుపు ఇవ్వాలి. ఆటలో క్రేటోస్ అలసిపోడు. ప్రాణం తగ్గితే ఆకుపచ్చ రాయి తొక్కుతాడు, నిండిపోతుంది. కొడుకును కరుణ నేర్చుకోమంటాడు, మరు నిమిషం నలభై మందిని నరుకుతాడు. "ఆ నలభై మంది లెక్కలోకి రారా?" అని తమ్ముడు అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. వాళ్లలో ఎక్కువమంది అప్పటికే చచ్చి లేచినవారని చెప్పాను. అతను ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడం న్యాయమే.

డేర్‌డెవిల్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పోరాటం కాదు, విల్సన్ ఫిస్క్ ఉదయం. ఎనిమిదో ఎపిసోడ్‌లో అతను నిద్రలేస్తాడు, ఆమ్లెట్ వేసుకుంటాడు, సూటు తీసుకుంటాడు, చేతి బొత్తాలు ఎంచుకుంటాడు. అద్దంలో చూస్తే నెత్తురు చిమ్మిన ముఖంతో ఒక పిల్లవాడు కనిపిస్తాడు. తల్లిని కొడుతున్న తండ్రిని సుత్తితో కొట్టి చంపిన పన్నెండేళ్ల ఫిస్క్. ఆ బొత్తాలు ఆ తండ్రివి. ప్రతినాయకుడికి ఇంత నెమ్మదిగా ఒక ఉదయాన్ని ఇవ్వడం సీరియల్‌కే సాధ్యం. ఆటలో అయితే ఆ ఆమ్లెట్ మనచేత వేయించేవారు, అప్పుడు మన దృష్టి పెనం మీద ఉండేది, అతని ముఖం మీద కాదు. విన్సెంట్ డనోఫ్రియో ముఖాన్ని అలా తదేకంగా చూడాలి.

రెండో సీజన్‌లో నేరగాళ్లను వేటాడి చంపే పనిషర్ ఉన్న మొదటి నాలుగు ఎపిసోడ్లు గట్టివి. ఆపై నింజాల కథ చుట్టుముట్టాక నాకు ప్రతిసారీ ఆసక్తి సడలింది, మూడోసారి చూసినప్పుడు కొన్నిటిని దాటేశాను. 2018 నాటి మూడో సీజన్ మళ్లీ నిలబడింది. అందులోని జైలు దృశ్యం పది నిమిషాలకు పైగా తెగకుండా సాగుతుంది, అక్కడా నన్ను పట్టింది ఆ తూలుడే. 2025 మార్చిలో బార్న్ ఎగైన్ పేరుతో తిరిగి వచ్చినప్పుడు నేనూ తమ్ముడూ వేర్వేరు ఊళ్లలో ఉండి ఒకే రాత్రి చూశాం. మొదటి ఎపిసోడ్‌లోనే మాట్ స్నేహితుడు ఫాగీకి తూటా తగులుతుంది. మాట్ పైకప్పు మీద పోరాడుతూ, కింద వీధిలో పడి ఉన్న స్నేహితుడి గుండె చప్పుడు వింటుంటాడు. ఆ చప్పుడు ఆగిపోతుంది. చూపు లేని మనిషి కథకు చావును చెప్పే పద్ధతి అది. తమ్ముడు వెంటనే ఫోన్ చేశాడు, ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

రాగ్నరాక్ 2022 నవంబరులో వచ్చింది. అభిమానులు దీని మీద గట్టిగానే చీలిపోయారు. ఐరన్‌వుడ్ అనే అడవిలో ఏట్రియస్ ఒక అమ్మాయితో పళ్లు కోసుకుంటూ తిరిగే భాగం సాగదీత అన్నవారు ఎక్కువమందే. మొదటిసారి నేనూ విసుక్కున్నాను. రెండోసారి ఆ నెమ్మది నచ్చింది, తండ్రి నీడలో లేని ఆ పిల్లవాడిని నా చేతులతో నడిపించింది అక్కడే కదా. పజిల్ ముందు నిలబడి ఆలోచించేలోపే పక్కనున్నవారు జవాబు చెప్పేయడం మాత్రం రెండుసార్లూ చికాకు పెట్టింది. చివరి యుద్ధం తొందరగా ముగిసిందన్న ఫిర్యాదుతోనూ ఏకీభవిస్తాను. మొదట్లో థోర్‌తో పోరు మాత్రం అద్భుతం. క్రేటోస్ చనిపోతాడు, ఓడిపోయినప్పటి తెర వస్తుంది, మళ్లీ మొదలుపెడదామని కంట్రోలర్ సర్దుకునేలోగా థోర్ తన సుత్తి మెరుపుతో అతన్ని లేపుతాడు. ఆటలో చావు అనే మామూలు నియమాన్నే కథలో భాగం చేసేశారు.

తమ్ముడు కంట్రోలర్ పట్టుకున్నది ఈ ఆటకే. కిందటేడాది వేసవిలో ఇంటికొచ్చి, రెండు వారాలు నా గదిలోనే ఉండి ఆడాడు. బ్రాక్ అనే మరుగుజ్జు కమ్మరి మిమిర్‌ను ఒక పొడుపుకథ అడుగుతాడు: తీసేకొద్దీ పెద్దదయ్యేది ఏది? ఇద్దరం ఒకేసారి "గొయ్యి!" అని అరిచాం. మన ఊళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన పొడుపుకథే, తొమ్మిది లోకాలు తెలిసిన మిమిర్ మాత్రం చెప్పలేకపోయాడు. ఆ తరువాత దేవతల రాజు ఓడిన్ మారువేషంలో ఉండి బ్రాక్‌ను చంపుతాడు. అతని తోబుట్టువు సింద్రీ, అప్పటిదాకా నవ్వుతూ మన ఆయుధాలు సానబెట్టినవాడు, ఇక మన ముఖం చూడడు.

బ్రాక్ అంత్యక్రియలు ప్రధాన కథలో రావు. పేర్లన్నీ పడిపోయాక మళ్లీ మరుగుజ్జుల లోకానికి వెళితేనే కనిపిస్తాయి. తెలియక చాలామంది అక్కడితో ఆపేస్తారు. నేను తమ్ముడికి ముందుగా ఏమీ చెప్పలేదు, "ఒకసారి నిదవెల్లిర్‌కు వెళ్లిరారా" అన్నాను. వెళ్లాడు. నీటి ఒడ్డున మిమిర్‌కు ఆ పొడుపుకథ జవాబు అప్పుడు తడుతుంది. "గొయ్యి" అంటాడు. సింద్రీ విని, ఒక్క మాట కూడా అనకుండా మాయమైపోతాడు.

తమ్ముడు కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాడు. తరువాత నావైపు తిరిగి, "నువ్వు ముందే ఎందుకు చెప్పలేదు అన్నయ్యా?" అన్నాడు.