కొత్త ఆల్టర్నేటర్ మీద నా బొటనవేలి ముద్ర! జాగ్రత్త

ఇప్పుడే ఓ కారు ఎలక్ట్రీషియన్ షాపు నుంచి వచ్చాను. ఇంకా చేతులు వణుకుతున్నాయి, కాబట్టి ముందుదీ వెనకదీ కలిసిపోతే ఏమీ అనుకోకండి. హైదరాబాద్‌లో పాత కార్లు నడిపేవాళ్లలో చాలామందికి ఆ ఎలక్ట్రీషియన్ తెలుసు. పేరు రాయను. అర్థమయ్యేవాళ్లకి అర్థమవుతుంది.

నాది 2007 మోడల్ పెట్రోల్ బండి. రెండు నెలలుగా ఒకటే గోల. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే హెడ్‌లైట్లు మినుకుమంటాయి, ఏసీ బ్లోయర్ నీరసపడుతుంది, ఇంజన్ వేడి మీద ఆపి సెల్ఫ్ కొడితే 'టక్' మని ఊరుకుంటుంది. కాసేపు ఆగితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. బ్యాటరీయే అనుకుని 4,600 పోసి కొత్తది వేయించా (అది నా సొంత తెలివి, ఎవరినీ అనను). తగ్గకపోతే ఈయన దగ్గరికి వెళ్లా. మీటరు బ్యాటరీకి ఆనించి, "13.3 వోల్టులు వస్తుంది సార్, 14 దాటాలె. ఆల్టర్నేటర్ పోయింది" అన్నాడు. అంటే ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీని ఛార్జ్ చేసేది. కొత్తది 9,500. బిల్లు కావాలంటే జీఎస్టీ పడుతుందంటే, వద్దులే అన్నాను. పాతది ఏదయ్యా అంటే, "స్క్రాప్‌ల ఏసిన సార్, మీకు అయిదొందలు తగ్గిస్తా" అన్నాడు. ఎంత నిజాయితీపరుడో అనుకున్నా. థాంక్స్ కూడా చెప్పానండీ!

మొన్న వానలో మలక్‌పేట రైలు వంతెన కింద ఇరుక్కున్నా. వానొస్తే అక్కడ ఎలా ఉంటుందో తెలిసిందే. ట్రాఫిక్ కదలక ఇంజన్ ఆపాను. మళ్లీ 'టక్'. వెనక హారన్లు, కింద నీళ్లు, పక్క సీట్లో మా అమ్మ. ఇద్దరు ఆటో అన్నలు తోసి గట్టెక్కించారు.

నిన్న మా గల్లీ చివరి స్కూటర్ మెకానిక్‌ని బతిమాలి తెచ్చుకున్నా. కార్ల పని ఆయనది కాదు. బండి వేడెక్కేదాకా ఆగి, జంపర్ కేబుల్ ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండోది ఇంజన్ బ్లాక్ మీద బోల్టుకి తగిలించి "కొట్టండి సార్" అన్నాడు. ఒక్క దెబ్బకి స్టార్ట్. కేబుల్ తీస్తే టక్. కింద గేర్‌బాక్స్ దగ్గర ఎర్తింగ్ పట్టీ చూపించాడు. లగ్ (పట్టీ చివర బోల్టుకి బిగించే ముక్క) నిండా పచ్చటి చిలుము, తీగలు సగం తెగిపోయి ఉన్నాయి. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కదా, కరెంటు మైనస్‌కి తిరిగి వెళ్లే అసలు దారి ఆ పట్టీయే. ఇంజన్ ఊగినా, వేడెక్కినా అతుకు వదులవుతుంది. సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ మైనస్‌కీ బ్లాక్‌కీ మధ్య కొలిస్తే 2.8 వోల్టులు. అర వోల్టు దాటకూడదట. లైట్లు, ఏసీ వేసి ఆల్టర్నేటర్ దగ్గరే కొలిస్తే 14.2, బ్యాటరీ దగ్గరికొచ్చేసరికి 13.3. ఆల్టర్నేటర్ శుభ్రంగా పనిచేస్తోంది, పోయేదంతా దారిలోనే పోతోంది. కొత్త పట్టీ 180 రూపాయలు.

అసలు సంగతి ఇది కాదు. ఆయన పట్టీ బిగిస్తుంటే నేను ఫోన్ టార్చి పట్టుకున్నా. ఆ వెలుగులో ఆల్టర్నేటర్ వెనక కవరు కనపడింది. మెరిసిపోయే వెండి రంగు, ఒక మూల చిన్న ఉబ్బు. మూడేళ్ల కిందట ఆ ప్లాస్టిక్ కవరు బీటిస్తే నేనే ఎమ్‌సీల్ కలిపి బొటనవేలితో అదిమాను. ఆ వేలి గీతలు, చివర గోటి నొక్కు, పెయింటు కింద అలాగే ఉన్నాయి. వేలు పెట్టి చూశా. సరిగ్గా కూర్చుంది. నా ఆల్టర్నేటర్‌నే కడిగి, రంగేసి, నాకే అమ్మాడు!

ఇవాళ ఆ ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లి ఆ ముద్ర ఫొటో చూపించా. కనీసం మొహం మారుతుందనుకున్నా. టీ తాగుతూనే, "కంపెనీ నుంచే గట్ల వస్తయ్ సార్" అన్నాడు. నా బొటనవేలు కంపెనీ వాళ్లకి ఎలా దొరికిందో మరి, ఆధార్ నుంచి తీసుకున్నారేమో! గట్టిగా అడిగితే, పనివాళ్లందరి ముందు, "కార్ల తిరుగుతరు, తొమ్మిది వేలకు లొల్లి వెడ్తరు. బిల్లుంటే తేపోండ్రి" అన్నాడు. బిల్లు లేదని నాకంటే ఆయనకే బాగా తెలుసు. కుర్రాళ్లు నవ్వారు. ఒక్కడు మాత్రం తల దించుకుని స్పానర్లు సర్దుకున్నాడు. రంగు వేసింది వాడేనేమో.

వెళ్లేవాళ్లు సామాను మీద ముందే మార్కర్‌తో గుర్తు పెట్టండి, విప్పిన పాతది మీ డిక్కీలో వేయించుకోండి, బిల్లు లేకుండా కదలకండి. బిల్లుంటే 1915 కి, అదే కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి, ఈపాటికి ఫోన్ చేసి ఉండేవాణ్ని. కోఠి గుజరాతీ గల్లీలో ఓ మల్టీమీటర్ కొని పెట్టుకున్నా మంచిదే.

ఆ 'కొత్త' ఆల్టర్నేటర్ ఇంకా బండిలోనే ఉంది. పొద్దున కూడా 14.2 చూపించింది.